తప్పినవాడు చెప్పే పాఠం

మన వార్షిక సంచికకు ఏదైనా రాసిమ్మని యూనియన్ మిత్రులు అడిగారు. ఏం రాయమంటారన్నాను. "మీరు చేసిన ఆన్‌లైన్ లెక్కల పాఠాల విజయగాథ రాయండన్నయ్యా" అన్నారు. విజయగాథ అనే మాట వినగానే నాకు నవ్వొచ్చింది. ఆ పాఠాల పుట్టుక వెనక విజయమంటూ ఏమీ లేదు. 2024 మొదట్లో వచ్చిన ఫలితాల్లో, రియల్ ఎనాలిసిస్ పేపరులో నాకు 75కి 19 మార్కులు వచ్చాయి. అసలు కథ అక్కడ మొదలైంది. కనుక విజయగాథ కాకుండా, ఆ 19 మార్కుల మీద నిలబడి నాకు తోచిన అభిప్రాయం ఒకటి విన్నవించుకుంటాను. పెద్దల్లో కొందరికి ఇది రుచించకపోవచ్చు. మొదటి ర్యాంకుల మిత్రులకు అసలే రుచించకపోవచ్చు.

నేననేది ఇదీ. విద్యార్థులు తోటి విద్యార్థుల కోసం పాఠాలు తయారుచెయ్యాలి. తప్పకుండా చెయ్యాలి. అయితే ఆ పని క్లాసులో మొదటివాడికి కాక, తప్పి మళ్ళీ గట్టెక్కినవాడికి ముందుగా అప్పగించాలి. ఇంకా గట్టెక్కనివాడికి అప్పగించినా తప్పులేదు, పక్కన చెయ్యి పట్టుకునే మాస్టారుంటే.

ఇదేం విడ్డూరం అనుకునేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. నా సంగతి చెబుతాను.

నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీ మా దగ్గరి ఊళ్ళో ఓ చిన్న కాలేజీలో. 2020లో చేరాను గనక మొదటి సంవత్సరం కాలేజీ ముఖం చూసింది తక్కువ. సిగ్నలు కోసం మా వీధి చివర వాటర్ ట్యాంకు మెట్లెక్కి కూచుని, చేతిలో ఫోను పట్టుకుని డిఫరెన్షియల్ ఈక్వేషన్లు విన్నాను. మాస్టారి గొంతు సగం వినపడేది, సగం గాలికి పోయేది. "మళ్ళీ చెప్పండి సార్" అందామంటే ఎనభై మంది ఒకేసారి వింటున్నారాయె. అలా మెట్ల మీద నేర్చిన లెక్కలతో 2023లో ఈ కళాశాల మెట్లెక్కాను. ఇక్కడ పాఠం ఇంగ్లీషు, పుస్తకం రూడిన్. ఆ పుస్తకం చదివినవాళ్ళకి తెలుసు, అందులో ఒక్క మాట ఎక్కువుండదు. తెలిసినవాడికి అది సొగసు. తెలియనివాడికి గోడ.

నాకు వచ్చిన విద్య ఒక్కటే, బట్టీ. అవధి నిర్వచనం మంత్రంలా అప్పజెప్పేవాణ్ణి. "ఎప్సిలాన్ సున్నా కంటే పెద్దదైనప్పుడు ఒక ఎన్ ఉంటుంది" అని అక్షరం పొల్లుపోకుండా రాసి వచ్చాను. ప్రశ్న కొంచెం పక్కకి తిప్పి అడిగారు. అంతే, 19.

నా రూమ్మేటు ఆ ఏడు క్లాసులో మొదటివాడు. ఉత్తముడు. నా బాధ చూడలేక మూడు రాత్రులు కూచోబెట్టి చెప్పాడు. చెబుతూ చెబుతూ "ఇది క్లియరే కదా" అనేవాడు. నాకు క్లియర్ కానిది సరిగ్గా అదే! అతని తప్పేమీ లేదు. అతనికా సంగతి మొదటిసారి వినగానే అర్థమైంది. అర్థం కాకపోవడమంటే ఎలా ఉంటుందో అతనికి అనుభవం లేదు. పుట్టినప్పటినుంచీ ఈత వచ్చిన చేప, మునిగేవాడికి ఊపిరెలా పట్టాలో ఏం చెబుతుంది?

గజపతినగరం వైపునుంచి వచ్చిన సీనియరొకాయన ఉండేవాడు. అదే పేపరు రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. ఒకరోజు మెస్సు వెనక అరుగు మీద కూచుని, నా మొహం చూసి, "ఏట్రా, ఎప్సిలాన్ దగ్గరే ఆగిపోయావా? నేనూ అక్కడే పడ్డాను" అన్నాడు. చాక్‌పీసు ముక్కతో గచ్చు మీద ఒక గీత గీసి, దానికి అటూ ఇటూ రెండు గీతలు గీశాడు. "ఇది సూత్రం కాదురా, పందెం. నువ్వు ఎంత ఇరుకు సందైనా గియ్యి. గీసే హక్కు నీది. నీ సందు చూశాక, ఫలానా పదం దాటిన తర్వాత ఒక్కటి కూడా బయటికి పోదని నేను చూపించాలి. నువ్వెంత ఇరుకు చేసినా ప్రతిసారీ నేను చూపించగలిగితే పందెం నాది. ఒక్కసారి చూపించలేకపోయినా పందెం నీది" అన్నాడు. అంతే. రెండు నిమిషాలు. ఆరు నెలలు నా నెత్తిమీద కూచున్న మంత్రం కిందికి దిగి మనిషిలా మాట్లాడింది. సప్లిమెంటరీలో 41 వచ్చాయి.

ఆయనకి నా రూమ్మేటు కంటే లెక్కలు ఎక్కువ రావు. కాని నేనెక్కడ పడ్డానో ఆయనకి తెలుసు. తానూ అక్కడే పడ్డాడు గనక. ఏరు దాటించమంటే నిన్ననే దాటినవాణ్ణి అడగాలి. ఏ రాయి జారుతుందో వాడి కాలికింకా గుర్తుంటుంది.

పాఠాలు చెయ్యాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. 2024 ఆగస్టులో కొత్త బ్యాచి వచ్చింది. అందులో సగం మంది నా బాపతే. మేం నలుగురం చేరాం. ముగ్గురు తప్పినవాళ్ళం, ఒకడు అంచుమీద నెగ్గినవాడు. సరంజామా ఏమిటంటే, ఒక ప్లాస్టిక్ స్టూలు, దాని మీద రెండు లావు పుస్తకాలు, వాటి మధ్య ఇరికించి ముందుకు పొడుచుకొచ్చేలా పెట్టిన ఫోను, కింద నేలమీద తెల్లకాగితం, ఒక స్కెచ్ పెన్ను. ముఖాలు కనపడవు. చెయ్యి, కాగితం, గొంతు. ఫ్యాను చప్పుడు రికార్డవుతుందని ఫ్యాను ఆపేవాళ్ళం. ఆగస్టు ఉక్కలో ఎనిమిది నిమిషాల పాఠం పూర్తయ్యేసరికి చొక్కా పిండుకోవలసి వచ్చేది. మొదట క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాం, తర్వాత యూట్యూబ్‌లో.

ఇందులో మేం కనిపెట్టినదేమీ లేదు. సల్మాన్ ఖాన్ అనే ఆయన అమెరికాలో 2004లో దూరపు ఊళ్ళో ఉన్న చిన్నాన్న బిడ్డలాంటి చిన్న పిల్లకి ఫోన్లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టి, 2006 నుంచి పాఠాలు యూట్యూబ్‌లో పెట్టి, చివరికి ఖాన్ అకాడమీ స్థాపించిన సంగతి మీకందరికీ తెలిసిందే. అంతకంటే నాకు నచ్చిన ఉదాహరణ కాలిఫోర్నియాలోని శాంటా మోనికాది. అక్కడ లింకన్ మిడిల్ స్కూల్లో ఎరిక్ మార్కోస్ అనే లెక్కల మాస్టారు పాఠాలు తాను చెయ్యకుండా పిల్లలచేతనే చేయించాడు. పన్నెండూ పదమూడేళ్ళ పిల్లలు తెరమీద తమ చేతిరాతతో లెక్క చేస్తూ, తమ గొంతుతో చెబుతూ రికార్డు చేశారు. మేథ్‌ట్రైన్ అని దానికి పేరు. చూసే పిల్లకి ఎంత లాభమో, చేసే పిల్లకి అంతకు రెట్టింపు లాభం. ఎందుకంటే చెప్పబోతే గాని తెలియదు, మనకి తెలియనిదేదో.

అయితే ఈ తోటివాడి చదువు అమెరికానుంచి దిగుమతి అయిన సరుకేమీ కాదు. మన వీధిబడుల్లో ఉన్నదే. మద్రాసు ఎగ్మూరులో 1789లో అనాథ బాలుర పాఠశాల బాధ్యత తీసుకున్న ఆండ్రూ బెల్ అనే దొర, ఇక్కడి బడిపిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలోనూ పెట్టించబోయాడు. పంతుళ్ళకి అది నచ్చలేదు. అప్పుడాయన జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రవాడిచేత చిన్నపిల్లలకి చెప్పించాడు. అది ఫలించింది. 1797లో లండన్‌లో ఆ సంగతి పుస్తకంగా అచ్చువేయించాడు. దానికి మద్రాసు పద్ధతి అనే పేరు నిలిచిపోయింది.

ఇంకా దగ్గరి సాక్ష్యం ఒకటుంది. తెలుగు వ్యాకరణం రాసిన ఏ.డి. కాంప్‌బెల్ దొర 1823లో బళ్ళారి కలెక్టరుగా ఉంటూ తన జిల్లా బడుల గురించి పై ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. జిల్లాలో 533 బడులు, అందులో తెలుగు బడులు 226. ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకి చెప్పడం, అలా చెబుతూ తమకి వచ్చింది గట్టిపరచుకోవడం చూసి ఆయన ముచ్చటపడ్డాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నాడు. కాని ఆ నివేదికలోనే ఇంకోమాట కూడా అన్నాడు. పిల్లలు చదివే పద్యాల భాష వేరు, మాట్లాడే భాష వేరు కావడంచేత, చదువుతారే గాని చదివినదాని అర్థం తెలియదని. రెండు వందల ఏళ్ళ కిందటి ఆ మాట చదివినప్పుడు, ఎప్సిలాన్ మంత్రం అప్పజెప్పే నేనే నాకు కనిపించాను.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు మా అపరాధం చెప్పాలి. అది చెప్పకపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకు లేదు.

అక్టోబరు నెలలో శ్రేణుల గురించి ఒక పాఠం చేశాం. అనంతంగా పదాలు కలుపుతూ పోతే మొత్తం ఒక సంఖ్య దగ్గర నిలబడుతుందా, అంటే శ్రేణి అభిసరిస్తుందా అన్న సంగతి. సిద్ధాంతం ఏమిటంటే, శ్రేణి అభిసరిస్తే దాని పదాలు సున్నాకి చేరతాయి. దాన్ని నేను తిరగేసి చెప్పాను. "పదాలు సున్నాకి చేరుతున్నాయంటే చాలు, శ్రేణి అభిసరించినట్టే" అన్నాను. అర, పావు, అరపావు అలా సగం సగం చేస్తూ కలుపుతూ పోతే మొత్తం ఒకటికి చేరుతుందని ఉదాహరణ చూపించాను. ఉదాహరణ నిజం. మాట అబద్ధం. పదినిమిషాల పాఠంలో అదే అందరికీ బాగా అర్థమైన ముక్క. అబద్ధం ఎప్పుడూ తేలిగ్గానే అర్థమవుతుంది కాబోలు. "సూపర్ అన్నయ్యా" అని ఎన్నో మెసేజీలు వచ్చాయి. ఎంతమంది చూశారో గంటకోసారి లెక్కపెట్టుకుంటూ కూచున్నాను.

నవంబరులో ఇంటర్నల్ పరీక్ష జరిగింది. మా మాస్టారు సరిగ్గా అదే వాక్యం ఇచ్చి, ఒప్పో తప్పో కారణంతో రాయమన్నారు. పధ్నాలుగు మంది ఒప్పని రాశారు. అందరిదీ ఒకే ఉదాహరణ, ఒకే వరస. ఆయన పేపర్లు దిద్దుతూ ఆగి, ఇది ఎక్కడనుంచి వచ్చిందని ఆరా తీశారు. మమ్మల్ని పిలిపించారు.

నలుగురం ఆయన గదిలో తలలు వంచుకుని నిలబడ్డాం. ఆయన ఫోన్లో పాఠం మొత్తం పెట్టి చివరిదాకా విన్నారు. నా గొంతు ఎంత ధీమాగా ఉందో ఆ రోజే నాకు వినిపించింది. "తీసేస్తాం సార్" అన్నాను. "తీసెయ్యడం తేలికే. ఈ పధ్నాలుగు మంది బుర్రల్లోంచి ఎవరు తీస్తారయ్యా?" అన్నారాయన. కాసేపాగి, "ఇంతమంది చూశారు గదా, ఒక్కరికైనా అనుమానం రాలేదా?" అన్నారు.

రాలేదు సార్ అనబోయి, ఎందుకో ఫోను తీసి వెతికాను. వచ్చింది. పరీక్షకి పదకొండు రోజుల ముందే వచ్చింది. మొదటి సంవత్సరం అమ్మాయి ఒకామె రాసింది: "అన్నయ్యా, పదాలు సున్నాకి పోతే చాలన్నారు. 1/ఎన్ కూడా సున్నాకే పోతుంది కదా. మరి ఒకటి, అర, మూడోవంతు, పావు అలా కలుపుకుంటూ పోతే మొత్తం ఎంత వస్తుంది?" ఆ ప్రశ్న కింద నా జవాబు ఉంది. బొటనవేలు బొమ్మ! ప్రశ్న చదవకుండానే, వందల మెసేజీల మధ్య, మెచ్చుకోలు అనుకుని బొటనవేలు ఎత్తి చూపించాను.

ఆ అమ్మాయి పేపరు కూడా ఆ పధ్నాలుగింటిలోనే ఉంది. తర్వాత క్షమాపణ చెప్పుకోవడానికి వెళితే, "మీరు సరేనన్నట్టు బొటనవేలు పెట్టారు కదన్నయ్యా, నాదే పొరపాటనుకుని ఒప్పని రాశాను" అంది. తన బుర్ర సరైన దారిలో నడిచింది. నేను చెయ్యి పట్టుకుని గోతిలోకి దించాను. మార్కులు అయిదు పోతే పోయాయి. ఒక విద్యార్థి తన సందేహాన్ని తానే నమ్మకుండా చేశాను. గురుస్థానంలో ఉన్నవాడు చెయ్యగలిగిన పాపాల్లో ఇంతకంటే పెద్దది నాకు తెలియదు.

మాస్టారు మాకు వేసిన శిక్ష ఇదీ. పాత పాఠం తీసెయ్యకూడదు. దాని పైన "ఇందులో తప్పుంది" అని రాయాలి. కొత్త పాఠం "మేం ఇలా పొరబడ్డాం" అనే మాటతో మొదలుకావాలి. దాన్ని నేను కాకుండా ఆ అమ్మాయి చెయ్యాలి.

ఆమె మొదట ఒప్పుకోలేదు. "నేను తప్పు రాసినదాన్ని, నేనేం చెబుతాను?" అంది. తర్వాత పేరు వద్దని షరతు పెట్టి, మహిళా హాస్టల్లో స్నేహితురాలి ఫోనుతో చేసింది. ఏడు నిమిషాల పాఠం. మా ఉత్తరాంధ్ర కళ్ళాల్లో ధాన్యం కొలిచే కుంచం తీసుకుంది. "మొదటి రోజు ఒక కుంచం గాదెలో పోశాం. రెండో రోజు అరకుంచం. మూడో రోజు మూడోవంతు, నాలుగో రోజు పావు. ఈ రెండు రోజులదీ కలిపితే అరకుంచం దాటింది. తర్వాత నాలుగు రోజులు తీసుకోండి, అయిదు నుంచి ఎనిమిది దాకా. ఒక్కో రోజుదీ ఎనిమిదోవంతుకి తగ్గదు. నాలుగు ఎనిమిదోవంతులు, మళ్ళీ అరకుంచం. తర్వాత ఎనిమిది రోజులు, మళ్ళీ అరకుంచం. ఆ తర్వాత పదహారు రోజులు. పోసే చెయ్యి సన్నబడుతూనే ఉంటుంది. కాని ఓపిక పడితే అరకుంచం వస్తూనే ఉంటుంది. అరకుంచాలు ఆగకుండా పడుతుంటే ఏ గాదె నిండకుండా ఉంటుంది?" అని ముగించింది.

ఈ యుక్తి 14వ శతాబ్దంలో నికొలా ఒరేమ్ అనే ఫ్రెంచి పండితుడు చెప్పినదే. ఆమె దాన్ని కుంచంతో కొలిచింది. కింద ఒక చిన్న గమనిక కూడా చేర్చింది. ఈ మొత్తం పది దాటాలంటే 12,367 పదాలు కలపాలని. అంటే కళ్ళతో చూస్తే ఇది ఎక్కడో ఆగిపోతుందనే అనిపిస్తుంది. నాకు అలా అనిపించడంలో వింత లేదు. అనిపించినదాన్ని పాఠంగా చెప్పడంలోనే తప్పుంది.

పాఠకులు ఇప్పుడు నన్ను నిలదీయవచ్చు. "నీ కథే నీకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతోంది గదా! తప్పినవాడికి పాఠం అప్పగిస్తే ఇలాగే తప్పులు బోధిస్తాడు. అరకొర చదువు చదివినవాళ్ళు మైకు పట్టుకుంటే ప్రమాదం కాదా?"

ప్రమాదమే. ఒప్పుకుంటాను. కాని మంచి మార్కులు వచ్చినవాడు పొరబడడనీ, పొరబడినా ఒప్పుకుంటాడనీ హామీ ఉందా? అక్టోబరు పాఠం చేసేనాటికి నేను తప్పినవాడిలా చేయలేదు. నాలుగు మెచ్చుకోళ్ళు వచ్చేసరికి మొదటి ర్యాంకువాడి ఠీవి తెచ్చిపెట్టుకున్నాను. "ఇక్కడ నాకు అనుమానంగా ఉంది" అనే మాట అనడం మానేశాను. ఆ అమ్మాయి పాఠంలో ఆ మాట ఉంది. "నేను మొదట ఇలా అనుకున్నాను, ఎందుకు తప్పంటే" అని మొదలుపెట్టడం ఉంది. తప్పినవాడి విలువ తప్పడంలో లేదు, తప్పిన చోటు గుర్తుపెట్టుకోవడంలో ఉంది. ఆ గుర్తు పోయిననాడు వాడూ మామూలు ఉపన్యాసకుడే.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. ఒక అధ్యాపకులే నాతో అన్నారు. "మీరు ఉత్సాహంగా పాఠాలు చేస్తున్నారు, సంతోషం. రేపు పైవాళ్ళు ఏమంటారో తెలుసా? పిల్లలే చెప్పుకుంటున్నారుగా, ఖాళీ పోస్టులు నింపడం ఎందుకు అంటారు." ఆ మాటలో నిజముంది. చరిత్ర కూడా ఆయన వైపే ఉంది. మన వీధిబడి పద్ధతి ఇంగ్లండు వెళ్ళాక దానికేమైందో చూడండి. ఒక్క పంతులుతో వందలమంది పిల్లల్ని సాకవచ్చు, ఖర్చు తక్కువ అనే కారణంగానే అక్కడ దాన్ని నెత్తికెత్తుకున్నారు. పెద్దపిల్లలు చిలకల్లా వల్లించడం, చిన్నపిల్లలు చిలకల్లా అప్పజెప్పడం మిగిలింది. చివరికి 1846లో ఆ పద్ధతి పక్కనబెట్టి, పెద్దపిల్లలకి జీతమిచ్చి, వాళ్ళకి వేరే చదువు చెప్పించి, ఉపాధ్యాయులుగా తయారుచేసే ఏర్పాటు తెచ్చుకోవలసి వచ్చింది. పంతులుకి తోడుగా ఉన్నంతకాలం తోటివాడి చదువు అమృతం. పంతులుకి బదులుగా పెట్టిననాడు అది విషం. మా తప్పు పట్టుకున్నది పధ్నాలుగు పేపర్లు వరసగా దిద్దిన ఒక మాస్టారు. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నా అబద్ధం ఈనాటికీ నిజంలా చలామణీ అవుతూ ఉండేది.

భాష విషయం కూడా రెండు మాటల్లో చెప్పి ముగిస్తాను. మా పాఠాలు తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదని కొందరు ఎగతాళి చేశారు. నిజమే. తెలుగు అకాడమీ 1968లో ఏర్పడిన తర్వాత అభిసరణం, అవధి, అనుక్రమం వంటి చక్కని మాటలతో పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అవి చదివి వచ్చినవాడికి ఇక్కడ కన్వర్జెన్స్ అనగానే కొత్త సరుకనిపిస్తుంది, తనకి తెలిసిన అభిసరణమేనని తోచదు. అందుకని మేం రెండు పేర్లూ చెబుతాం. ఆ రెండింటి మధ్యా పందెం, కుంచం, గాదె లాంటి ఇంటిమాటలు పెడతాం. పరీక్షలో రాయవలసింది ఇంగ్లీషులోనే. అర్థం చేసుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. పావులూరి మల్లన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లో పెట్టినప్పుడు, సంస్కృతంలో ఉన్న లెక్క తెలుగులోకి వస్తే చెడిపోతుందని ఆయన అనుకోలేదు కదా!

ఇక నా ప్రార్థనలు. కళాశాల వారికొకటి, అధ్యాపకులకొకటి, యూనియన్ మిత్రులకొకటి, విద్యార్థులకొకటి.

కళాశాల వారు మాకొక గది ఇప్పించాలి. తలుపు మూసుకునే గది, చప్పుడు చెయ్యని ఫ్యాను, ఒక బల్ల. అంతకుమించి స్టూడియోలూ కెమెరాలూ వద్దు. ఖరీదైన సరంజామా వస్తే దాని తాళంచెవి మొదటి ర్యాంకువాడి జేబులోకి వెళుతుంది.

అధ్యాపకులు ప్రతి పాఠాన్నీ బయటికి పోకముందు ఒక్కసారి వినాలి. విన్నట్టు తమ పేరు కింద వెయ్యనివ్వాలి. ఆ పనికి వాళ్ళ బోధన గంటల్లో లెక్క కట్టాలి. ఉచితసేవ ఎన్నాళ్ళో నిలవదు. తప్పు దొరికితే పాఠం మాయం చెయ్యకుండా, దిద్దుబాటు పక్కనే పెట్టించాలి.

యూనియన్ మిత్రులకు, ఈ సంచిక వేస్తున్నవారికే, మనవి. వార్షికోత్సవం వేదిక అలంకరణకయ్యే ఖర్చులో కొంత మిగిల్చి, కామన్ రూములో ఒక పాత టీవీకి పాఠాలు ఎక్కించి సాయంత్రం గంటసేపు వెయ్యండి. డేటా అయిపోయిన ఫోనూ, పగిలిన తెరా ఉన్నవాళ్ళు మన హాస్టళ్ళలో చాలామంది ఉన్నారు. అడగడానికి మొహమాటపడతారంతే. ఇంకోమాట. కోచింగు వ్యాపారస్తులెవరైనా వచ్చి ఈ పాఠాలు కొంటామంటే ఒప్పుకోవద్దు. అమ్మకానికి పెట్టిన పాఠంలో "మేం ఇలా పొరబడ్డాం" అనే మాట మొదట ఎగిరిపోతుంది.

చివరగా సోదరీ సోదర విద్యార్థులకు. ఫలితాలు వచ్చినరోజు నోటీసు బోర్డు ముందు గుంపు ఎలా ఉంటుందో మనకి తెలుసు. నెగ్గినవాళ్ళు అక్కడే నిలబడతారు. తప్పినవాళ్ళు పక్కసందులోంచి హాస్టలుకి జారుకుంటారు. నేనూ ఆ సందులోంచే వెళ్ళాను. ఆ సందులో నడిచేవాళ్ళ దగ్గర ఒక సంపద ఉంది, ఎక్కడ కాలు జారిందో వాళ్ళకి తెలుసు. దాన్ని దాచుకోకండి. రాసి పెట్టుకోండి. నెగ్గాక ఒక కాగితం, ఒక ఫోను తీసుకుని చెప్పండి. చెప్పిన తర్వాత ఎవరైనా ప్రశ్న వేస్తే, బొటనవేలు ఎత్తకుండా, పూర్తిగా చదివి జవాబు రాయండి.

మా ప్లాస్టిక్ స్టూలు హాస్టల్లో జూనియర్లకి అప్పగించే వచ్చాను. ఒక కాలు కొంచెం వంకర. కాగితం మడిచి పెడితే నిలబడుతుంది. ఈ సెమిస్టరులో తప్పినవాళ్ళెవరైనా అడిగితే వాళ్ళకే ముందు ఇవ్వమని చెప్పాను.